ఏటి

తాయి తాలూకా మీటింగుకు పోయింది.
పదకొండు మంది పిల్లలు, ఒక పొయ్యి, నేను.
సిరొంచకు అవతల, పొద్దుగాల తలుపు తీస్తే
ప్రాణహిత వాసన ముందుగాల లోపలికొచ్చే ఊరు మాది.
ఇంట్ల తెలుగు, బోర్డు మీద మరాఠీ,
అడివి దిక్కు నుంచి పనికొచ్చేటోళ్ల నోట్ల మాడియా.

నాకు కథలు రావు.
వచ్చిన రెండూ మా మేనత్త చెప్పినవే.
రెండిట్లనూ ఆఖరికి ఎవరో ఒకరు బుద్ధి తెచ్చుకుంటరు.
ఆ బుద్ధి వచ్చే యాళ్లకు పిల్లలు
చాప పుల్లలు పీకుతుంటరు.

అందుకే ఆ పూట ఖిచిడీ కలిపే కట్టె గంటెను
గిన్నెలకెల్లి తీసి, కడిగి,
గుండ్రంగ కూసున్నోళ్ల నడుమ పెట్టిన.
"గంటె ఎవరి చేతిల ఉంటే కథ వాళ్లది.
ఒక్క మాట చెప్పి పక్కోళ్లకియ్యాలె."

గంటె ఇంకా వెచ్చగనే ఉంది.
ఆరోహి దాన్ని చెంపకానించుకొని
"ఒక ఊరు" అన్నది. అంతే.
తనుష్ ఆ ఊళ్లకు ఎస్టీ బస్సు తెచ్చిండు, డ్రైవర్ లేకుంట.
పోచక్క మనుమడు బస్సుకు కొమ్ములు పెట్టిండు.
"బస్సుకు కొమ్ములుంటయారా?"
"గంటె నా చేతిల ఉంది" అన్నడు వాడు.
దానికి జవాబు నా దగ్గర గూడ లేదు.

ఆ పక్కన మాసె.
వాళ్ల నాయిన మిరప తోటల పనికొచ్చి రెండు నెలలు.
పేరు పిలిస్తే తలెత్తుడే ఆమె హాజరు.
గంటెను ఒళ్లె పడుకోబెట్టి
పిడి మీది గీతలను గోటితోని తడిమి, తడిమి
"ఏటి" అన్నది.

ఇగ చూడు వరద!
"ఏటి ఏంది? ఏటి ఇసుకనా, ఏటి చాపనా?"
"ఏ ఏరు? ప్రాణహితనా, గోదారా?"
విఘ్నేష్ బట్టసంచిని తెరచాప చేసిండు.
ఇద్దరు చెడ్డీలు పైకి ఎగ్గట్టుకున్నరు.

మాసె తల అడ్డంగ ఊపింది.
రెండు చూపుడు వేళ్లు నెత్తి మీద నిలబెట్టి
గొంతు అడుగుకెల్లి, సన్నగ,
"మ్మే..."

మేక!
వాళ్ల మాటల మేకను ఏటి అంటరట.
ఈ ఏటి ఒడ్డునే పుట్టి, పిల్లల్ని కన్న నాకు
నాలుగేండ్ల పిల్ల చెప్పింది.
కానీ ఏరు అప్పటికే కథలకు వచ్చేసింది.
వచ్చిన ఏరు పొమ్మంటే పోతదా?
కొమ్ముల బస్సు ఒడ్డున ఆగింది.
మేక దిగి, నీళ్లల్లకు నడిచింది.

గంటె జ్యోతిక చేతికి పోయింది.
నిరుడు వానలల్ల గోడ కూలినోళ్ల పిల్ల.
"మునిగింది" అన్నది. "సచ్చిపోయింది."

లేదు బిడ్డా, ఒడ్డుకొచ్చింది అనే మాట
నా నాలిక కొస దాక వచ్చింది.
కొంగు నోట్ల కుక్కుకున్న.
గంటె నా చేతిల లేదు.

ఎవ్వరూ ఏడ్వలే.
ఎవ్వరూ బుద్ధి తెచ్చుకోలే.
తనుష్ మోకాళ్ల మీద జరిగొచ్చి, తన వంతు కాకున్నా
గంటె అందుకొని, శానసేపు పట్టుకొని,
"దాని మెడల గంట మోగుతనే ఉంది లోపట" అన్నడు.
పదకొండు చెవులు చాప మీద ఆనినయి.
నాది పన్నెండోది.

అప్పుడు తెలిసింది అడుగంటిన వాసన.

మాడు ఖిచిడీ తిన్నం ఆ పొద్దు.
తాయి వచ్చి రిజిస్టర్ తీసింది.
"గోష్టులు ఎన్ని చెప్పినవ్?"
"నేనైతే ఒక్కటీ చెప్పలే" అన్న.
ఆమె సున్నా రాసుకుంది.

మూడు దినాలకు మాసె తల్లి వచ్చింది,
మిరప ఘాటు పోని చేతులు కొంగుకు తుడుసుకుంట.
తెలుగు కొంచెం, సైగ కొంచెం:
రాత్రి పిల్ల లేచి నేలకు చెవి పెడుతున్నదట.
ఏముంది అక్కడ, అని అడిగింది.

పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది.
మంట తగ్గించిన.
గంటె కడిగి ఆమె చేతికిచ్చి,
కూసో, అన్న.